ఇల్లు పిల్లల పేర రాసే ముందు ఏయే కాగితాలు, ఏ వరుసలో?

ఆస్తి ఎవరికి రాయాలన్నది రెండో ప్రశ్న. మంచాన పడితే మిమ్మల్ని ఎవరు చూస్తారు, ఏ డబ్బుతో చూస్తారు అన్నది ముందు తేలాలి. అది తేలకుండా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లకండి.

1. ఆస్తుల జాబితా రాయండి. ప్రతి ఆస్తికీ సర్వే నంబరు లేదా డోర్ నంబరు, హద్దులు, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), తాజా ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, అప్పులు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం) ఒకచోట పెట్టండి. స్వార్జితం, పిత్రార్జితం వేరు చేయండి. హిందూ కుటుంబాల్లో ఉమ్మడి ఆస్తిలో మీ వాటా వరకే వీలునామా చెల్లుతుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతుళ్లకూ అందులో కొడుకులతో సమాన హక్కు ఉంది.

2. బ్యాంకు పని ఒక్కపూటలో అయిపోతుంది. ఖాతాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరి సంతకమైనా చెల్లేలా ఉన్నాయో లేదో చూడండి. ఇద్దరూ సంతకం చేయాల్సిన ఖాతా అయితే, ఒకరికి మతిమరుపు జబ్బు వచ్చిన రోజే డబ్బు ఆగిపోతుంది. నామినీ పేరు కూడా సరిచూసుకోండి. బ్యాంకు డబ్బుకు నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషే, వారసుడు కాదు.

3. వీలునామా రాయండి. దీనికి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చెల్లుతుంది. చాలా వీలునామాలు ఓడిపోయేది సాక్షుల దగ్గరే. ఇద్దరు సాక్షులు కావాలి. మీరు సంతకం పెడుతుండగా ఇద్దరూ చూడాలి, మీ కళ్లెదుటే వాళ్లూ పెట్టాలి. మీరు ఇంట్లో సంతకం చేసి, కాగితాన్ని పక్కింటికి పంపి సాక్షి సంతకం తెప్పిస్తే రేపు కోర్టులో అది నిలవదు. ఆస్తి అందుకునేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. మీకంటే వయసులో చిన్నవాళ్లయితే మంచిది, ఎందుకంటే తగాదా వస్తే ఒక్కరైనా కోర్టుకు వచ్చి చెప్పాలి. ప్రతి పేజీ కిందా సంతకం చేయండి. కొట్టివేతలు ఉంటే పేజీ తిరిగి రాయడమే మేలు. 75 దాటినవారు అదే రోజు డాక్టరు చేత మానసిక స్థితి బాగుందని రాయించుకుంటే తర్వాత వచ్చే సగం అనుమానాలు పుట్టవు. ఒకటి గుర్తుంచుకోండి: పాతది రిజిస్టర్ అయినా, తర్వాత సరిగ్గా రాసిన వీలునామాయే చెల్లుతుంది.

4. బతికుండగానే ఇవ్వాలనుకుంటే దానపత్రంలో షరతు పెట్టండి. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దానం రిజిస్టర్ అయ్యాక మీ అంతట మీరు వెనక్కి తీసుకోలేరు. అందుకే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది: చూసుకుంటారన్న షరతుతో ఇచ్చి, వాళ్లు చూడకపోతే ట్రిబ్యునల్ ఆ దానాన్ని రద్దు చేయగలదు. మన దగ్గర అర్జీ పెట్టుకోవలసింది ఆర్డీవో ఆఫీసులో. షరతు కాగితంలో లేకపోతే కేసు బలహీనమవుతుంది. 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ కారణంతోనే తల్లికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. 'ప్రేమాభిమానాలతో ఇచ్చుచున్నాను' అని దస్తావేజు లేఖరి రాసే వాక్యం చాలదు. ఇలా రాయమనండి:

"నా జీవితాంతం ఈ ఇంట్లో నివసించే హక్కు నాకు ఉంటుంది. నా తిండి, మందులు, వైద్యం, మనిషి తోడు నువ్వు చూడాలి. చూడనిచో ఈ దానం రద్దు చేయించే హక్కు నాకు కలదు."

ఈ మాట అడిగితే పిల్లలు బాధపడతారేమోనని ఆగకండి. నిజంగా చూసుకునే బిడ్డకు ఈ షరతు అడ్డు కాదు.

5. జీపీఏ (మీ తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) మీద ఆశ పెట్టుకోకండి. ఇచ్చినవారికి మతిస్థిమితం తప్పితే మన చట్టం ప్రకారం అది ఆగిపోతుంది, అంటే సరిగ్గా అవసరమైన రోజున పనికిరాదు. అప్పుడు సంరక్షకులను నియమించమని హైకోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లలు ఇది ముందే తెలుసుకోవాలి.

6. వెంటిలేటర్ గురించి మీ మాట రాసిపెట్టండి. కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాల మీద ఉంచవద్దన్న ముందస్తు పత్రాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023 నుంచి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చేస్తే చాలు. మీ తరఫున మాట్లాడే ఇద్దరి పేర్లు రాయండి. వాళ్ల మాట మీద, రెండు వైద్య బోర్డులు చూశాకే ఆసుపత్రి నిర్ణయం తీసుకుంటుంది. పత్రం బీరువాలో, తాళం మీ దిండు కింద ఉంటే అర్ధరాత్రి ఐసీయూ దగ్గర ఎవరికీ అందదు. ఒక ప్రతి మీ డాక్టరుకు ఇచ్చి, ఫొటో ఆ ఇద్దరి ఫోన్లకూ పంపండి.