రోలు ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి?

నేను మొదట కొన్న రోలు తెల్లటి పాలరాయిది. అరచేతిలో పట్టేది, చూడ్డానికి ముద్దొచ్చేది. మిరియాలు వేసి ఒక్క దెబ్బ కొడితే సగం స్టవ్ కిందికి పోయేవి. ఓ రోజు నిమ్మరసం పోసి నూరితే లోపలి మెరుపు కాస్తా పోయింది. పాలరాయి సున్నపురాయి జాతిదే, పులుపు తగిలితే దాన్ని తినేస్తుంది. అందుకే అందం సంగతి తర్వాత చూసుకోండి.

ఇంటికి గ్రానైట్ రోలు మంచిది. లోపలి వెడల్పు 13 నుంచి 15 సెంటీమీటర్లు ఉండాలి. అంత పెద్దదెందుకులే అనిపిస్తుంది గానీ, గుంటలో మూడో వంతు దాటి వేస్తే సరుకు నలగదు, ఎగిరిపడుతుంది. రోకలి బరువుగా, పిడికిట్లో ఇమిడేలా ఉండాలి. దాన్ని గుంటలో తిప్పి చూడండి. అడుగున ఎక్కడైనా ఆనకపోతే గింజలు ఆ సందులోనే దాక్కుంటాయి. లోపల కాస్త గరుకు ఉండాలి. రోలు అడుగున తాళంచెవితో గీస్తే పొడి రాలిందా, మెత్తరాయి, వదిలేయండి. తడిగుడ్డకు నలుపు అంటితే రంగు వేశారన్నమాట. చెక్కది వాసనలు పీల్చుకుంటుంది. ఇత్తడిది పులుపుకు పనికిరాదు.

తెచ్చిన రోజే వంటకు వాడకండి. నీళ్లతో కడిగి ఆరబెట్టి, గుప్పెడు బియ్యం వేసి నూరండి. మొదటి వాయి బూడిదరంగులో వస్తుంది, అదంతా రాతిపొడి. పారేసి, బ్రష్‌తో రుద్ది కడిగి, మళ్లీ నూరండి. పిండి తెల్లగా వచ్చేదాకా ఇదే పని. బద్ధకించి ఒక వాయితో ఆపేస్తే తర్వాత పంటికింద ఇసుక తగులుతుంది.

ఇక దంచడం. రోలు కింద మడతపెట్టిన గుడ్డ వేయండి. ఒక చెయ్యి రోలు అంచు చుట్టూ అడ్డం పెట్టి, రెండో చేత్తో రోకలి ఎత్తి వదలండి. రోకలి బరువే పని చేస్తుంది. భుజం నొప్పి పుడుతోందంటే మీరు అనవసరంగా బలం పెడుతున్నట్టే. గింజలు పగిలాక దెబ్బలు ఆపి, రోకలిని రోలు లోపలి గోడకు ఒత్తుతూ గుండ్రంగా తిప్పండి. కచ్చాపచ్చాగా చాలనుకుంటే ఈ తిప్పుడు అక్కర్లేదు.

ఎండువి, గట్టివి ముందు వేయాలి. అల్లం లాంటి పీచు సరుకును అడ్డంగా సన్నగా తరిగి ఆ తర్వాత వేయాలి. నీరున్నవి చివర్న. వెల్లుల్లి జారిపోతుంటే చిటికెడు రాళ్లుప్పు వేయండి, ఆ గరుకుకు క్షణాల్లో ముద్దవుతుంది. వెల్లుల్లి ఘాటు రెబ్బ నలిగాకే పుడుతుంది. కణాలు చిట్లినప్పుడు అల్లిసిన్ అనే ఘాటు పదార్థం తయారవుతుంది మరి. అందుకే తరిగినదానికన్నా దంచినది ఎక్కువ ఘాటు.

కడగడానికి వేడినీళ్లు, బ్రష్ చాలు. సబ్బు వాసన రాతి రంధ్రాల్లో ఉండిపోతుంది. వెల్లుల్లి వాసన వదలకపోతే గుప్పెడు బియ్యం నూరి పారేయండి. తడి పూర్తిగా ఆరనివ్వండి. గూట్లో మాత్రం పెట్టొద్దు, అంత బరువు రోజూ ఎవరు దించుతారు? స్టవ్ పక్కనే గట్టు మీద ఓ మూల ఉంచండి.