పాత రైఫిల్ బట్ నల్లబడి జిగురు అంటుతోందా? ఉప్పు కాగితం తీసే ముందు ఇది చూడండి

హైదరాబాద్‌లో వానలు మొదలైతే చాలు, ఈ ప్రశ్న వస్తుంది. "అన్నా, తాతగారి త్రీ నాట్ త్రీ రైఫిల్ బట్, అదే భుజానికి ఆనించే చెక్క, నల్లబడింది, చేతికి జిగురు అంటుతోంది. గీకించి వార్నిష్ వేయించమంటావా?" వద్దు. ముందు టిష్యూ పేపర్ తీసుకోండి. లైసెన్సు కాగితాలు సరిగ్గా ఉండటం, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని చూసుకోవడం మీకు చెప్పనక్కర్లేదు.

ట్రిగ్గర్ వెనక చేత్తో పట్టుకునే సన్నని భాగానికి టిష్యూ చుట్టి, దారం కట్టి, ఎండ తగిలే కిటికీ దగ్గర అరగంట ఉంచండి. బట్ వెనక కొసకు కూడా ఒకటి కట్టండి. రెండూ పొడిగా ఉంటే అది చేతి మురికే, తార్పిన్ తడిపిన గుడ్డతో పోతుంది. రెండూ ఒకేలా అంటుకుంటే ఎవరో అవిసె నూనె మందంగా పట్టించి తుడవకుండా వదిలేశారు. మందు అదే తార్పిన్. ముందుది పసుపు మరకతో తడిసి, వెనకది పొడిగా ఉంటే మాత్రం అసలు దొంగ దొరికినట్టే.

ఆ దొంగ గన్ ఆయిల్. బీరువాలో రైఫిల్‌ను బ్యారెల్ పైకి పెట్టి నిలబెడతాం. బోల్ట్‌కు (తూటా ఎక్కించడానికి వెనక్కీ ముందుకీ లాగేది), రిసీవర్‌కు (ఆ బోల్ట్ కదిలే ఇనుప భాగం) పూసిన నూనె ఏళ్ల తరబడి చుక్కచుక్కగా దిగుతుంది. ఇనుప సాకెట్‌లోకి దూరిన బట్ కొసలో చెక్క నాళాలు తెరిచి ఉంటాయి కాబట్టి దీపం వత్తిలా పీల్చుకుంటుంది. గన్ ఆయిల్ అంటే మినరల్ ఆయిల్, అది ఎన్నటికీ ఆరదు, దాని మీద వేసిన అవిసె నూనెనూ సరిగ్గా ఆరనివ్వదు. చెక్క లోపల మెత్తబడి, సాకెట్ దగ్గర బట్ కదలడం కూడా మొదలవుతుంది. ఇది తెలియక జనం పైపైన గీకిస్తారు. నూనె లోపలే ఉంటుంది, చెక్క మీది ఫ్యాక్టరీ ముద్రలు, ఇన్‌స్పెక్టర్ గుర్తులు మాత్రం పోతాయి. అవి మళ్లీ రావు.

బట్‌ను విడదీసి పని చేయాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. త్రీ నాట్ త్రీల్లో నంబర్ వన్ మార్క్ త్రీ అనే మోడల్‌కు ముందు ఫోర్ ఎండ్, అంటే బ్యారెల్ కింది చెక్క, తీయాలి, ఆ తర్వాతే బట్‌ను సాకెట్‌కు బిగించే బట్ బోల్ట్ తిప్పాలి. ఆ బోల్ట్ చదరపు కొస ఫోర్ ఎండ్ వెనక ఉన్న చిన్న ప్లేట్‌లో కూర్చుని ఉంటుంది. ఫోర్ ఎండ్ తీయకుండా తిప్పారా, చెక్క ఫట్‌మని చీలుతుంది.

బేగంబజార్‌లో దొరికే సుద్ద పొడిని ఎసిటోన్‌తో పేస్టులా కలిపి, నల్లబడిన చోట మందంగా పట్టించండి. కిటికీలు తెరిచి ఉండాలి, దగ్గర్లో స్టవ్, సిగరెట్ ఉండకూడదు. ఎసిటోన్ ఆరిపోతూ నూనెను సుద్దలోకి లాగుతుంది, తెల్లటి పూత గోధుమ రంగుకు తిరుగుతుంది. మెత్తటి బ్రష్‌తో దులిపి మళ్లీ వేయండి. ఆరాక కూడా సుద్ద తెల్లగానే మిగిలేదాకా ఇదే పని. ఓపిక పట్టాలి, ఒక్కసారికి అయ్యేది కాదు.

తర్వాత అవిసె నూనె. అరచేత్తో పలుచగా రుద్ది, పావుగంట ఆగి మిగిలింది పూర్తిగా తుడిచేయండి. పూర్తిగా ఆరాకే తర్వాతి పూత. జూలై, ఆగస్టు తేమలో ఆరడం బాగా ఆలస్యమవుతుంది, ఎండాకాలంలో పెట్టుకుంటే మేలు. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. నీళ్లలో ముంచి బయట పరిచి ఆరేయండి. రైఫిల్‌ను ఇకపై బ్యారెల్ కిందికి పెట్టి నిలబెట్టండి.

గుర్తులు చదవడం రావట్లేదంటే వైర్ బ్రష్ జోలికి పోకండి. గదిలో లైటు ఆపి, టార్చిని పక్క నుంచి పడుకోబెట్టినట్టు వేయండి. బట్ సాకెట్ కుడివైపు కిరీటం, దాని కింద ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం, మార్క్ వరసగా కనిపిస్తాయి. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీవైతే బ్రిటిష్ కాలంలో జీ.ఆర్.ఐ. (జార్జి రాజు గుర్తు), రిపబ్లిక్ వచ్చాక అశోక సింహాలు. బ్యారెల్ మీది సంవత్సరం చూసి రైఫిల్ వయసు చెప్పేయకండి, బ్యారెల్ మార్చిన రైఫిళ్లు బోలెడు. బోల్ట్ హ్యాండిల్ వెనక, రిసీవర్ మీద నంబర్లు కలుస్తున్నాయో లేదో చూడండి. ఫోర్ ఎండ్‌కు అడ్డంగా స్క్రూ ఉంటే ఎవరో పాడుచేశారని తీసేయకండి, చెక్క చీలకుండా ఇషాపూర్‌లో వేసిన బలం అది. రాగి తీగ చుట్టి ఉన్నా అంతే, గ్రెనేడ్ లాంచర్ కోసం చుట్టినది.

వార్నిష్ మీద తెల్ల మబ్బు తేమ వల్ల వస్తుంది, ఎండలు ముదిరితే చాలావరకు తగ్గుతుంది. చెదలు, పురుగు మాత్రం అరుదు, చిన్న రంధ్రాలు, కింద సన్నటి పొడి కనిపిస్తేనే ఆలోచించండి.