ఆగిన ఏఆర్‌టీ మందులు మళ్లీ మొదలయ్యాయి

పని కోసం ఊరు మారాక నా హెచ్‌ఐవీ మందులకు (ఏఆర్‌టీ) కొన్ని నెలలు అంతరాయం వచ్చింది. హెచ్‌ఐవీ సహాయ నంబరు 1097కు ఫోన్ చేస్తే దగ్గరలోని ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రం ఎక్కడుందో చెప్పారు. ఎవరూ మందలించలేదు, అదే నాకు పెద్ద ధైర్యం.

ఇంట్లో పాత మాత్రలున్నా సొంతంగా వేసుకోలేదు. డాక్టరు ముందు దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం గురించి అడిగారు. తలనొప్పి ఉందా అనీ అడిగారు. మెదడు పొరలకు క్షయ లాంటి ఇన్ఫెక్షన్ సోకి ఉంటే ముందు దానికి చికిత్స చేసి, ఏఆర్‌టీ కొన్ని వారాలు ఆగి ఇస్తారట. రోగనిరోధక శక్తి ఎంతుందో చూసే సీడీ4 పరీక్షకు రక్తం తీశారు.

మళ్లీ అదే టీఎల్‌డీ (మూడు హెచ్‌ఐవీ మందులు కలిసిన మాత్ర), రోజుకొకటి, ఉచితంగా. ఐరన్ మాత్ర మాత్రం టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తర్వాతే. ఊరు మారేవాళ్లు బయలుదేరే ముందే మీ కేంద్రంలో చికిత్స బదిలీ అడగండి.