“మరి పిల్లల సంగతేంది?” అని పెదనాన్న అడిగితే ఏం మాట్లాడాలి

ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు పెళ్లి చేసుకునే టాపిక్ మన బెజవాడ, గుంటూరు ఇళ్లల్లో ఎక్కడ మొదలైనా సరే, దేవుడు, ఆచారం, ఫారిన్ పోకడలు అన్నీ ఒక రౌండ్ తిరిగొచ్చి చివరికి ఆగేది ఒక్కచోటే, “అదంతా సర్లేరా, వాళ్లిష్టం, మరి పిల్లల సంగతేంది?” అని. అక్కడికొచ్చేసరికి మనవాళ్లు నీళ్లు నములుతారు, లేకపోతే “మీకు చెప్పినా అర్థం కాదులే” అని లేచి వెళ్లిపోతారు. నిజానికి అది మంచి ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న. నా పార్టీ ఏంటో ముందే చెప్పేస్తున్నా, ఈ పెళ్లిళ్లకి చట్టంలో గుర్తింపు ఉండాలనే మనిషిని నేను, అది దృష్టిలో పెట్టుకునే చదవండి.

మొట్టమొదటగా, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఈ గొడవ పెట్టుకోకండి. అక్కడ పెదనాన్న ఒక ఫార్వర్డ్ పెడతాడు, మీరొక లింక్ పెడతారు, మధ్యలో ఎవరో పిన్ని గుడ్ మార్నింగ్ పువ్వులు పెడుతుంది, ఎవరూ ఏదీ చదవరు. పైగా నలుగురి ముందు పెద్దాయన మాట వెనక్కి తీసుకోడు, అది మన దగ్గర జరిగే పని కాదు. భోజనాలయ్యాక, ఆయన వక్కపొడి వేసుకుని కుర్చీ వరండాలోకి లాక్కున్నప్పుడు పక్కన కూర్చుని మాట్లాడండి. ఆయన్ని ముందు ఒక్కటి అడగండి, “పెదనాన్నా, మీ భయం ఏంటి, పిల్లలు చెడిపోతారనా, స్కూల్లో ఏడిపిస్తారనా, లేక అసలు వాళ్లకి పిల్లల్ని ఇవ్వకూడదనా?” అని. ఈ మూడూ వేరు వేరు, మూడిటికీ ఒకే జవాబు చెప్పబోయి ఇరుక్కుంటాం.

తర్వాత చట్టం ఎక్కడుందో క్లియర్‌గా చెప్పండి, ఎందుకంటే సగం మంది మన దేశంలో ఇది ఆల్రెడీ వచ్చేసింది అనుకుంటున్నారు, మిగతా సగం ఇంకా నేరమే అనుకుంటున్నారు. ఒకే జెండర్ వాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసిన 377 సెక్షన్ మీద 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పొచ్చింది, అప్పట్నుంచి అది నేరం కాదు. పెళ్లి కేసులో 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టులోనే అయిదుగురు జడ్జిల బెంచ్, పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదు, చట్టం మార్చాలంటే పార్లమెంటే మార్చాలి అనేసింది. రివ్యూ అడిగితే 2025 జనవరిలో అదీ కొట్టేశారు. ఆ కేసు నడుస్తుండగా కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగితే అస్సాం, రాజస్థాన్‌తో పాటు మన ఆంధ్రప్రదేశ్ కూడా వద్దనే చెప్పింది. ఈ మాట చెప్తే పెదనాన్న కొంచెం ఖుషీ అవుతాడు, అవ్వనివ్వండి.

పిల్లల విషయం కూడా అదే కేసులో వచ్చింది, ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి. దత్తత రూల్స్ ప్రకారం జంటగా బిడ్డని తీసుకోవాలంటే కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక బంధం ఉండాలి. పెళ్లే కుదరనప్పుడు ఇంక జంటగా దత్తత ఎక్కడిది. ఆ రూల్ తప్పని ఆ అయిదుగురిలో చంద్రచూడ్, కౌల్ అన్నారు, పెళ్లైన ఆడామగా జంట మాత్రమే బిడ్డకి స్థిరత్వం ఇవ్వగలదని చూపించే ఆధారమేదీ మా ముందుకి రాలేదని చంద్రచూడ్ రాశారు. రవీంద్ర భట్, హిమా కోహ్లీ, మన నరసింహ గారు, ముగ్గురూ ఒప్పుకోలేదు కాబట్టి 3-2తో ఆ రూల్ అట్టాగే నిలబడింది. అయితే ఆ ముగ్గురూ కూడా “వీళ్లు మంచి తల్లిదండ్రులు కాలేరు” అనలేదు, అది చాలామందికి తెలియదు. బిడ్డకి చట్టం ఇచ్చే రక్షణలు, పోషణ లాంటివి, పెళ్లి అనే చట్రానికి కట్టేసి ఉన్నాయి, ఆ చట్రం లేకుండా దత్తత ఇస్తే రేపు విడిపోతే బిడ్డ గతేంటి, అనేది వాళ్ల లెక్క. అంటే ఏంటన్నమాట, పెళ్లి లేకపోవడమే బిడ్డకి ఇబ్బంది అని వాళ్లే ఒప్పుకున్నట్టు కాదా? నన్నడిగితే మొత్తం వాదనలో బలమైన పాయింట్ ఇదే, దీన్ని చివరిదాకా దాచుకోకండి, ఇక్కడే వాడేయండి.

ఇంకో సంగతి, ఒంటరిగా ఉన్న మనిషి దత్తత తీసుకోవచ్చు, మన చట్టంలో ఉంది, ఒంటరి మగాడికి మాత్రం ఆడపిల్లని ఇవ్వరు. కాబట్టి మొగల్రాజపురంలో ఒక ఫ్లాట్‌లో ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఉంటూ ఒకరి పేరు మీద పాపని తెచ్చుకుంటే చట్టం లెక్కలో ఆ పాపకి ఒక్క తల్లే, రెండో ఆవిడ ఎవరో పక్కింటావిడ లెక్క. కలిసి ఉండటానికైతే అడ్డు లేదు, 2024 డిసెంబర్‌లో మన హైకోర్టే విజయవాడలో ఉంటున్న ఇద్దరమ్మాయిల కేసులో, ఒకమ్మాయిని తండ్రి నర్సీపట్నంలో ఉంచేస్తే, ఆమె మేజర్, ఎవరితో ఉండాలో ఆమె ఇష్టం అని చెప్పింది. ఇల్లు ఇద్దరిది, పాప కాగితాలు మాత్రం ఒక్కరివి. పాప మంచిచెడ్డలు మాట్లాడేవాళ్లు మాట్లాడాల్సింది దీని గురించి.

ఇంక స్టడీల గొడవ. పెదనాన్న కాకపోయినా వాళ్లబ్బాయి, అమెరికాలో ఉంటాడు కదా, ఫోన్లో “రీసెర్చ్ ఉంది, ఇట్టాంటి ఇళ్లల్లో పిల్లలు దెబ్బతింటున్నారు” అంటాడు. కంగారుపడకుండా ఒకే ఒక్క ప్రశ్న వేయండి: ఎవరిని ఎవరితో పోల్చారు? నూటికి తొంభై సార్లు ఆయన చెప్పేది 2012లో మార్క్ రెగ్నెరస్ అనే టెక్సాస్ ప్రొఫెసర్ చేసిన స్టడీ. దాదాపు మూడు వేలమంది పెద్దవాళ్లని అడిగారు, వాళ్లలో 236 మంది, చిన్నప్పుడు మా అమ్మకో నాన్నకో అదే జెండర్ మనిషితో ఎప్పుడో ఒకప్పుడు రిలేషన్ ఉంది అన్నారు. గమనించండి, ఎప్పుడో ఒకప్పుడు. ఆ ఇద్దరూ కలిసి ఈ బిడ్డని పెంచారా లేదా అన్నది లెక్కలోకి తీసుకోలేదు. వీళ్లలో ఎక్కువమంది అమ్మానాన్న విడిపోయిన ఇళ్ల పిల్లలు, మొదట్నుంచీ చివరిదాకా ఇద్దరు తల్లుల దగ్గరే పెరిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లని తీసుకెళ్లి, అమ్మానాన్న ఎప్పుడూ విడిపోని ఇళ్ల పిల్లలతో పోల్చి చూడండి ఎంత తేడానో అన్నారు. కరకట్ట లోపల వరదకి మునిగిన చేనునీ, మెట్టమీద చేనునీ పక్కపక్కన పెట్టి విత్తనం మంచిది కాదు అన్నట్టుంది. మిషిగన్ కోర్టులో ఈ రెగ్నెరస్ సాక్ష్యం చెప్తే 2014లో జడ్జి అది నమ్మేట్టు లేదని తీర్పులోనే రాశాడు.

మరి అవతలి పక్క స్టడీలన్నీ అద్భుతమా అంటే, కాదు, ఇది మీరే ముందు చెప్పేయండి, మీ మాటకి విలువ పెరుగుద్ది. పాత స్టడీల్లో చాలా చిన్నవి, యాభై అరవై కుటుంబాలు, వాళ్లంతట వాళ్లు ముందుకొచ్చి పేరిచ్చినవాళ్లు, సహజంగానే చదువుకున్న, డబ్బున్న, ధైర్యమున్న మనుషులు. ఆ విమర్శ కరెక్టే. అందుకే నెదర్లాండ్స్ స్టడీ చెప్పాలి. అక్కడ 2001లోనే ఈ పెళ్లిళ్లు లీగల్, సర్కారు రికార్డుల్లోంచే దేశం మొత్తం పిల్లల డేటా తీసి 2020లో వేశారు, పుట్టినప్పట్నుంచీ అట్టాంటి జంటల దగ్గరే పెరిగిన పిల్లలు 2,971 మంది, మిగతా పిల్లలు పది లక్షల పైన. చదువులో ఈ పిల్లలు వెనకబడలేదు సరికదా కొంచెం ముందే ఉన్నారు. ముందు ఉండటానికి ఒక కారణం ఆ తల్లిదండ్రులకి ఆదాయం ఎక్కువ, బిడ్డ కోసం కష్టపడి ఖర్చుపెట్టి తెచ్చుకున్నవాళ్లు, కాబట్టి “వాళ్లే బెటర్ పేరెంట్స్” అని ఎగరకండి, “దెబ్బతినలేదు” వరకే ఆగండి. కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 79 స్టడీలు పోగేస్తే 75 ఈ పిల్లలు వెనకబడలేదన్నాయి, నాలుగు వెనకబడ్డారన్నాయి. ఇవన్నీ బయటి దేశాల లెక్కలు, గుంటూరు వేరు కదా అంటే అవును వేరే, దానికి అడ్డం వాదించకండి.

“ఎంతైనా అమ్మా నాన్నా ఇద్దరూ ఉండాలి కదరా” అనేది స్టడీలతో తెగేది కాదు, అది మనసులో మాట. దానికి మన చుట్టూ చూపించాలి. అమ్మానాన్న డాలస్‌లో ఉంటే బ్రాడీపేటలో అమ్మమ్మ, ఆవిడ చెల్లెలు కలిసి పెంచిన పిల్లలు మనకెంతమంది తెలుసు, మొగుడు పోయిన అక్క, పెళ్లి కాని చెల్లెలు కలిసి పెంచినవాళ్లు ఎంతమంది. ఆరో క్లాసుకే హాస్టల్లో పడేసి నెలకొకసారి ఔటింగ్‌కి వెళ్లి చూసొచ్చే కల్చర్ మన బెజవాడదే. ఈ హాస్టల్ మాట మాత్రం వాళ్లబ్బాయి హాస్టల్లో చదివుంటే అనకండి, అక్కడితో సంభాషణ కట్.

స్కూల్లో ఏడిపిస్తారనేది మాత్రం నిజం, లేదనకండి. ఏడిపిస్తారు. విడాకులైన ఇంటి పిల్లల్నీ ఏడిపించారు, నాన్న పేరు రాయలేని పిల్లల్నీ ఏడిపించారు. పెళ్లికాని తల్లి బిడ్డకి గార్డియన్ అవ్వాలంటే తండ్రి పేరు చెప్పక్కర్లేదని సుప్రీంకోర్టు 2015లో చెప్పేదాకా ఆ తల్లులు ఎన్ని కౌంటర్ల దగ్గర నిలబడ్డారో. అవతలివాడు ఏడిపిస్తున్నాడని బిడ్డకి అమ్మని తీసేయమంటామా?

ఇదంతా వాదన. మీకు తెలిసినవాళ్లలోనే అట్టాంటి ఇల్లుండి పాపో బాబో ఉంటే చేయాల్సిన పని వేరే ఉంది. స్కూల్లో పికప్‌కి వచ్చేవాళ్ల లిస్టులో రెండో అమ్మ పేరు, ఫోటో ఇప్పించండి, గేటు దగ్గర వాచ్‌మన్ చూసేది అదొక్కటే. పిల్లల డాక్టర్ ఫైల్లో, ఆవిడ తీసుకొచ్చినా ట్రీట్‌మెంట్ చేయమని మొదటి అమ్మ సంతకంతో లెటర్ ఒకటి పెట్టించండి. జాయింట్ అకౌంట్‌కీ, నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖే చెప్పింది, బ్యాంకులో కుదరదంటే ఆ మాట గుర్తుచేయండి. అన్నిటికంటే ముందు విల్లు, మొదటి అమ్మకి ఏదన్నా అయితే పాపని ఎవరు చూసుకోవాలో అందులో పేరు పెట్టి రాయాలి, ఇది ఫ్యామిలీ కేసులు చూసే లాయర్ దగ్గరే రాయించండి, నెట్‌లో దొరికిన ఫార్మాట్ కాపీ కొట్టొద్దు. విల్లుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ రేపు పుట్టింటివాళ్లు వచ్చి ఇది దొంగ కాగితం అంటే పనికొచ్చేది అదే, అందుకని ఇద్దరు సాక్షుల్ని తీసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి చేయించేయండి, సాక్షులు మాత్రం విల్లులో ఏమీ రానివాళ్లు అయ్యుండాలి.