పాత చెక్క లేత్ అదురుతుందా? బేరింగ్ జోలికి పోకముందు బెల్ట్ తీసి చూడండి

మొన్న కూడా ఒకాయన ఫోన్ చేసిండు. దేవరకొండ దిక్కు ఊర్ల వాళ్ల నాయన నడిపిన లేత్ పదిహేనేండ్లు కొట్టంల పడి ఉన్నదంట, రిటైరయినంక మళ్ల తరిమెన పట్టుదామని, అంటే చెక్క తిప్పి చెక్కుదామని, తుప్పు గీకి రంగేసి ఆన్ చేస్తే మిషనంత అదురుతుందట. నేను ఏం అడగకముందే "బేరింగులు పీకేసినన్నా" అన్నడు. అందరూ ఇదే చేస్తరు, నాకు మనసున పట్టది.

ముందు చెక్క తీసేసి ఖాళీగ తిప్పండి. ఖాళీగ మంచిగుంటే తప్పు మొద్దుది, మూలలు చెక్కి, సెంటర్ సరిచూసి తక్కువ స్పీడ్ మీద మొదలువెట్టండి. ఖాళీగ కూడా అదిరితే ప్లగ్ పీకి బెల్ట్ తీసేయండి, మల్ల మోటర్ ఒక్కదాన్నే నడపండి. అది ఒక్కటే అదిరితే మోటర్ వైండింగ్ షాపుకు పొండి. మోటర్ సాఫ్‌గ నడుస్తుంటే, ఆపి స్పిండిల్‌ని (చెక్కను తిప్పే ఇరుసు) చేత్తో తిప్పండి, గరగర లేదు, పైకి కిందికి ఆడుతలేదు అంటే ఇగ మిగిలింది బెల్టే.

ఈ బెల్ట్ నన్ను రెండు నెలలు ఏడిపించింది. బయటికి నల్లగ మంచిగనే కనవడ్డది, ఒక్క పగులు లేదు, అందుకే దాని మీద అనుమానం రాలే. 6205 నంబర్ బేరింగులు రెండుసార్లు మార్చిన, రాణిగంజ్ దాకా పోయి తెచ్చిన, అయినా అదే డబ్ డబ్. ఆఖరికి బెల్ట్ వీపు మీద సుద్దముక్కతోని గీత గీసి చేత్తో మెల్లగ తిప్పుతుంటే, ఆ గీత మోటర్ పుల్లీ మీదికి వచ్చినప్పుడల్ల మోటర్ పలక ఇంత లేచి పడుతున్నది. ఏండ్ల తరబడి టైట్‌గ ఒక్క తీరుగ ఉండేసరికి బెల్ట్ పుల్లీ వంకరనే పట్టేసుకున్నది, బిగుసుకపోయిన ఆ జాగ పుల్లీ మీదికెల్లి పోయినప్పుడల్ల గుంజి వదులుతది. చప్పుడు లెక్కతో కూడా దొరుకుతది: నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటర్‌కు 3 అంగుళాల పుల్లీ, 38 అంగుళాల బెల్ట్ ఉంటే మోటర్ సెకనుకు 24 చుట్లు, బెల్ట్ సుమారు 6 చుట్లే. బేరింగ్ మోత ఏకంగ ఉంటది, బెల్ట్‌ది మాత్రం విడివిడిగ డబ్ డబ్ అని చెవికి తెలుస్తది.

కొత్త బెల్ట్ వేయండి, అంతే. పాత బెల్ట్ మీద నంబర్ చూసి అదే తెచ్చుకోండి, A సెక్షన్ బెల్ట్ పైవెడల్పు 13 మిల్లీమీటర్లు, B అయితే 17. పుల్లీ గాడి అడుగు అద్దంలెక్క మెరుస్తుంటే బెల్ట్ అడుగున ఆనుతున్నట్టు, అది పక్కలతోని పట్టాలె, గట్లుంటే పుల్లీ కూడా మార్చాలె. రెండు పుల్లీలు ఒక్క వరుసల ఉన్నయా దారం పట్టి చూడండి. కొన్ని పాత మిషన్లల్ల బెల్ట్ హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే డబ్బా) లోపలికెల్లి పోతది, స్పిండిల్ పీకనిది ఎక్కదు, వాటికి లింకు బెల్ట్ తెచ్చి ముక్కలు కలుపుకుంటే ఆ కష్టం తప్పుతది.

బెల్ట్ మార్చినా సన్నగ అదిరితే స్టాండ్ కాళ్లు చూడండి. షాబాద్ బండల మీద నాలుగు కాళ్లు ఆనుడు కష్టం, కాగితం దూరిన కాలి కింద రేకు ముక్క పెట్టండి, బోల్టు బలవంతంగ బిగిస్తే బెడ్ (మిషన్ కింది పొడుగు దిమ్మె) మెలిపడి, చెక్కను రెండు దిక్కుల పట్టే సెంటర్ల మొనలు కలువయి. ఇత్తడి బుష్‌లున్నదాంట్ల స్పిండిల్ చెయ్యి పెట్టనీయనంత కాలుతుంటే ఆయిల్ అందుతలేదు, గ్రీజు నింపకండి, మిషన్ ఆయిల్ పోయండి.

స్పిండిల్ వంగుడు, హెడ్‌స్టాక్ పగులుడు మస్తు తక్కువ, నాకు ఒక్కసారే తగిలింది.

ఇంకోటి, పని అయిపోయి వారం పది రోజులు మిషన్ ముట్టేది లేదనుకుంటే మోటర్ ఎత్తి బెల్ట్ లూజు చేసి పొండి.