నలుగురు డాక్టర్లు చూసే పిల్లలకి ఒకే ప్లాన్ ఉండాలంటే ఏం చెయ్యాలి

ఒక పక్క ఫిట్స్, ఇంకో పక్క ఊపిరితిత్తుల సమస్య, తిండేమో పొట్టకి పెట్టిన ట్యూబ్‌లోంచి, ఇలాంటి పిల్లల్ని నలుగురైదుగురు స్పెషలిస్టులు చూస్తుంటారు. ఎవరి పని వాళ్లు బాగానే చేస్తారు గానీ ఒకళ్లు రాసింది ఇంకొకళ్లకి చేరదు. చేరవేసేది చాలాసార్లు అమ్మే, అదీ రాత్రంతా సక్షన్ చేస్తూ, అంటే మెషిన్‌తో బిడ్డ గొంతులో కఫం లాగుతూ, నిద్ర లేకుండా వచ్చిన అమ్మ. ఆ బరువు ఆవిడ మీంచి దించి హాస్పిటల్ తీసుకోవాలి. ఈ పిల్లల్ని చూసే నర్సులు, డాక్టర్లు, మేనేజర్ల కోసమే ఇది రాస్తున్నా, తల్లిదండ్రులు చదివి ఇవి అడిగి చేయించుకున్నా మంచిదే.

మొట్టమొదట ఈ చేరవేసే పనికి ఒక మనిషిని పెట్టండి. నర్సైనా సరే, సోషల్ వర్కరైనా సరే, ఆ కుటుంబానికి పేరూ ఫోన్ నంబరూ తెలియాలి. టీమ్ అంతా చూసుకుంటుంది అన్నారంటే ఎవరూ చూసుకోరనే లెక్క. ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా ముందే చెప్పాలి, పైగా ఈ పనికి డ్యూటీలో విడిగా టైమ్ ఇవ్వాలి, ఓపీ మధ్యలో ఖాళీ దొరికితే చేసెయ్ అంటే అది జరగదు.

తర్వాత ఎమర్జెన్సీ పేజీ, అంటే బిడ్డ గురించి కొత్త డాక్టర్‌కి వెంటనే తెలియాల్సినవన్నీ ఉన్న కాగితం, దీని మీద ఎంత టైమ్ పెట్టినా తక్కువే. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం కలిసి 1999లోనే ఇలాంటి ఫారం ఒకటి తయారుచేశాయి. జబ్బుల పేర్లు, ఎలర్జీలు, ఈమధ్య చూసిన బరువు, ట్యూబ్ సైజు ఎలాగూ రాస్తారు, అసలు ముఖ్యమైంది ఆ బిడ్డ మామూలు రోజున ఎలా ఉంటుందో రాయడం. కొన్ని గుండె జబ్బుల్లో రక్తంలో ఆక్సిజన్ రోజూ 80 శాతం చుట్టుపక్కలే ఉంటుంది, ఆ సంగతి తెలియని డ్యూటీ డాక్టర్ కంగారుపడతారు. మాటలు రాని బిడ్డకి నొప్పొస్తే ఏం చేస్తుంది, పళ్లు కొరుకుతుందా, కాళ్లు బిగబడతాయా, ఇవి అమ్మకే తెలుసు కాబట్టి పేజీ ఆవిడ పక్కన కూర్చునే రాయాలి. చెయ్యకూడనివి కూడా పెద్దక్షరాల్లో రాయండి. ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ వాడే బిడ్డకి ఇన్ఫెక్షన్ అని మెరోపెనమ్ అనే యాంటీబయాటిక్ పెడితే రక్తంలో వాల్‌ప్రోయేట్ బాగా పడిపోయి ఫిట్స్ తిరిగి రావచ్చు. ఫిట్స్ కోసం కీటోజెనిక్ డైట్‌లో (కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే తిండి) ఉన్న బిడ్డకి చక్కెర ఉన్న సిరప్, గ్లూకోజ్ డ్రిప్ ఎవరినీ అడక్కుండా ఇచ్చేస్తే డైట్ దెబ్బతింటుంది.

మందుల లిస్టులో ఎంఎల్ ఒక్కటే రాసి వదిలెయ్యకండి, మిల్లీగ్రాములు, సిరప్ స్ట్రెంత్ కూడా ఉండాలి, ఎందుకంటే అదే మందు వేరే స్ట్రెంత్‌లో వస్తే అదే 5 ఎంఎల్‌లో డోసు మారిపోతుంది. కొలవడానికి స్పూను వద్దు, నోటి సిరంజి ఇవ్వండి.

డిశ్చార్జ్ దగ్గర తొందరపడొద్దు. అర్థమైందా అని అడిగితే అందరూ అయిందనే అంటారు, అందుకే చేసి చూపించమనండి. ఒక పగలూ ఒక రాత్రీ వార్డులోనే ఇంటివాళ్లే అన్నీ చూసుకోవాలి, నర్సు పక్కనే ఉన్నా చెయ్యి పెట్టకూడదు. ఇంట్లో వెంటిలేటర్ ఉండబోయే పిల్లలకి ఇంటివాళ్లు కనీసం ఇద్దరు నేర్చుకోవాలనీ, నేర్చుకున్న మనిషి ఎవరో ఒకరు ఎప్పుడూ మేలుకునే ఉండాలనీ అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2016 గైడ్‌లైన్ చెప్తుంది. అంటే అమ్మానాన్నలు ఇద్దరే అయితే వాళ్లకి నిద్రెప్పుడు? నైట్ నర్సో, నేర్చుకున్న ఇంకో మనిషో దొరికే ఏర్పాటు డిశ్చార్జ్ ప్లాన్‌లోనే ఉండాలి, తర్వాత చూద్దాం అంటే కుదరదు.

ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం మెడ దగ్గర రంధ్రం చేసి పెట్టిన ట్యూబ్) ఉంటే అదే సైజు ట్యూబ్ ఇంకొకటి, ఒక సైజు చిన్నది ఒకటి, సక్షన్ మెషిన్ ఎక్కడికెళ్లినా బిడ్డతోనే ఉండాలి. పొట్ట ట్యూబ్ ఊడొస్తే రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది, రేపు పొద్దున ఓపీకి రండి అనే సలహా పనికిరాదు, ఏ టైమ్‌లో అయినా ఎత్తే నంబర్ ఉండాలి.

అపాయింట్‌మెంట్లన్నీ వీలైనంతవరకు ఒకే రోజు పెట్టండి. 12, 14 ఏళ్లు వచ్చేసరికి పెద్దల డాక్టర్లకి మార్చే మాట మొదలుపెట్టండి, 18 నిండాక ఒక్కసారిగా ఫైల్ చేతిలో పెట్టి పంపెయ్యడం చాలా అన్యాయం.

ఇదంతా పనిచేస్తోందా లేదా చూడ్డానికి ఎమర్జెన్సీకి ఎన్నిసార్లొచ్చారో లెక్కపెడితే చాలదు, బిడ్డ బడికి ఎన్ని రోజులెళ్లిందో, అమ్మానాన్నలు ఎన్ని గంటలు పడుకుంటున్నారో కూడా ప్రతి విజిట్‌లో అడిగి రాయండి. ఎమర్జెన్సీ పేజీ మీద తేదీ వెయ్యండి, మందు మారిన రోజే పేజీ మార్చి, ఇంట్లో, బడిలో, అంబులెన్స్‌వాళ్ల దగ్గర ఉన్న పాత కాపీలు తీయించేసే పని కూడా మొదట పెట్టిన ఆ మనిషిదే.