పండితుని పాత కాగితాల నుంచి ఆయన ప్రయాణాలను తేల్చుకోవడం ఎలా

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో సంస్కృతాంధ్ర పండితుల ఇళ్లలోని ట్రంకు పెట్టెలు సర్దేవారు సాధారణంగా గ్రంథాల వ్రాతప్రతులను భద్రపరచి, ఉత్తరాలు, పాత పంచాంగాలు, ఖర్చుల చీటీలను చిత్తుకాగితాలుగా పక్కన పడేస్తారు. ఆ పండితుడు ఏ సభకు, ఎవరి పిలుపు మీద, ఏ దారిన వెళ్లారో చెప్పగలిగేవి ఆ చిత్తుకాగితాలే.

ఈ పని సంక్రాంతి తరువాత మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే మన తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా ఉండి కాగితం చెమ్మ పట్టి ఉంటుంది. ఎండలో ఆరబెట్టకూడదు, చిరుగులకు సెల్లోటేపు అసలే అంటించకూడదు. కట్ట విప్పే ముందు దానిని ఉన్నది ఉన్నట్లుగా ఫొటో తీసి, ప్రతి కాగితం మూలన పెన్సిలుతో కట్ట సంఖ్య, వరుస సంఖ్య వేయాలి. తేదీ లేని బండి బాడుగ చీటీ ఒక ఆహ్వానానికీ దాని జవాబుకూ నడుమ దొరికితే, అది ఏ ప్రయాణానిదో ఆ చోటును బట్టే ఊహించగలం.

తేదీలు నిర్ణయించడంలోనే అసలు శ్రమ ఉంది. పాత ఉత్తరాలలో చాలావాటి మీద సంవత్సర నామం, మాసం, తిథి మాత్రమే ఉంటాయి. యువ నామ సంవత్సరం 1935 ఉగాదితో మొదలైంది గనుక ‘యువ మాఘ శుద్ధ పంచమి’ అని ఉంటే దానిని 1936గా గుర్తించాలి. పుష్య, మాఘ, ఫాల్గుణాల దగ్గర తొందరపడినవారు ఒక ఏడాది వెనక్కి పోతారు. పైగా అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది కాబట్టి తపాలా ముద్రతోనో, కార్డు మీది రాజు బొమ్మతోనో సరిచూసుకోవాలి.

చిరునామా కూడా సాక్ష్యమే. కనిగిరి, పొదిలి 1970కి ముందు నెల్లూరు జిల్లాలోనూ, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనూ, ఒంగోలు గుంటూరు జిల్లాలోనూ ఉండేవి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం అని పేరు మారింది. కనుక ‘ప్రకాశం జిల్లా’ అని ఉన్న ఉత్తరం 1972కు ముందుది కాజాలదు, కాని పాత జిల్లా పేరున్నంత మాత్రాన ఉత్తరం అంతకు ముందుదని చెప్పరాదు, చేతికి అలవాటైన చిరునామా జనం అంత తొందరగా వదలరు.

ఆహ్వానపత్రిక పిలుపుకు మాత్రమే సాక్ష్యం. వెళ్లినట్లు రుజువు కావాలంటే ఖర్చుల లెక్కో, సంభావన (పండితునికి గౌరవంగా ఇచ్చే సొమ్ము) పద్దో, తిరిగి వచ్చాక రాసిన ఉత్తరమో ఉండాలి. రైలు టిక్కెట్టునూ ఆచితూచి చదవాలి. నెల్లూరు నుంచి వెంకటగిరికి రైలు దారి గూడూరు మీదుగానే పోతుంది గనుక గూడూరు టిక్కెట్టు దొరికినంతనే గమ్యం గూడూరే అనుకోరాదు. అణాలు, పాత పైసలలో ఉన్న లెక్క చాలావరకు నయా పైసలు వచ్చిన 1957 ఏప్రిల్‌కు ముందుది. ప్రతి ప్రయాణానికి ఒక పుట కేటాయించి, బయలుదేరిన తేదీ, మజిలీలు, ఆతిథ్యమిచ్చినవారు, సంభావన, ఆధార కాగితాల సంఖ్యలు రాసి, ఊహించినదానికి ఎదుట ప్రశ్నార్థకం పెట్టాలి.

అప్పులు, వియ్యాల మాటలు ఉన్న ఉత్తరాలను వేరే కవరులో ఉంచి, వారసులను అడగకుండా ఎవరికీ చూపకూడదు. కాగితాలను గ్రంథాలయానికి అప్పగించేటప్పుడు ఆ షరతునూ, కట్టల వరుసనూ దానపత్రంలోనే రాయించుకోవాలి.